కొండకు సినిమా వస్తే... మన వాళ్ళకు పని, మనకు తెలియవలసిన లెక్క

మన కొండలకు సినిమా రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రాన్ని చింతపల్లి అడవుల్లో తీశారు. ఆ చిత్ర దర్శకులు వి. రామచంద్రరావు గారు షూటింగు నడుస్తుండగానే కన్నుమూస్తే, మిగిలిన భాగాన్ని హీరో కృష్ణ గారు తానే పూనుకుని పూర్తి చేశారు. ఆ తరువాత అరకు లోయలో, లంబసింగిలో, మారేడుమిల్లిలో ఎన్ని పాటలు, ఎన్ని పోరాటాలు తీశారో లెక్కలేదు. 2020లో వచ్చిన ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ కథ మొత్తం అరకులోనే నడుస్తుంది. 2021 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప’కు మారేడుమిల్లి అడవే శేషాచలం అడవి అయింది. 2022లో వచ్చిన ఒక సినిమాకైతే ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’ అని పేరే పెట్టారు. 2025 మార్చిలో రాజమౌళి గారు మహేశ్ బాబుతో తీస్తున్న సినిమా కోసం అరకు పక్కనే ఉన్న ఒడిశా కోరాపుట్ కొండలు ఎక్కారు.

ఇన్ని సినిమాలు వచ్చాయి, వెళ్ళాయి. తెర మీద మన కొండ కనబడింది, మన పొగమంచు కనబడింది. మరి మన వాళ్ళ చేతిలో ఏం మిగిలింది? నాలుగు రోజుల కూలి, హీరోతో దిగిన ఒక ఫోటో, తొక్కిన చేను, రోడ్డు పక్కన ప్లాస్టిక్ గ్లాసులు. చాలాచోట్ల ఇంతే. ఇలా జరగాలని రాసిపెట్టి ఏమీ లేదు. షూటింగు అనేది ఒక పని. ఆ పని ఎలా నడుస్తుందో తెలిసిన వాడికి కూలి వస్తుంది, మర్యాదా వస్తుంది. తెలియని వాడు గుంపులో ఒకడిగా మిగిలిపోతాడు. అందుకే హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఊళ్ళలో ఉన్న పూర్వ విద్యార్థులకు ఉపయోగపడుతుందని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

యూనిట్ అంటే ఎవరు?

హైదరాబాదులో సినిమా వాళ్ళు ‘24 క్రాఫ్ట్స్’ అంటారు. అంటే కెమెరా, లైట్లు, మేకప్, దుస్తులు, కళ, వాహనాలు, భోజనాలు, ఫైట్లు, డాన్సులు ఇలా ఒక్కో పనికి ఒక్కో సంఘం ఉంటుంది. ఈ సంఘాలన్నీ కలిసి ఒక ఫెడరేషన్‌గా ఉన్నాయి. షూటింగుకు వచ్చే ఈ బృందం మొత్తాన్ని యూనిట్ అంటారు. చిన్న సినిమాకు నలభై యాభై మంది రావచ్చు, పెద్ద సినిమాకు వందల్లో వస్తారు.

వీరిలో మనతో మాట్లాడేవారు ముగ్గురు నలుగురే. మొదట వచ్చేది లొకేషన్ చూసే మనిషి. ఆయన వెనుక దర్శకుడు, కెమెరామెన్, ఆర్ట్ డైరెక్టరు వచ్చి చూసిపోతారు. దీన్నే రెక్కీ అంటారు. డబ్బు, వసతి, బండ్లు, భోజనాలు చూసేది ప్రొడక్షన్ మేనేజరు. బయటి రాష్ట్రం వాళ్ళో, బయటి దేశం వాళ్ళో తీసే సినిమాకు ఇక్కడి పనులన్నీ గుత్తగా చేసిపెట్టే మనిషిని లైన్ ప్రొడ్యూసరు అంటారు. గుంపు దృశ్యాలకు మనుషులను తెచ్చేది జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. మనకు పని ఇచ్చేది వీరే. తారలు కారు. అందుచేత హీరో కారు వెనుక పరుగెత్తే కుర్రవాడికి ఏమీ దొరకదు. రెక్కీ నాడు ప్రొడక్షన్ మేనేజరుకు దారి చూపించి ఫోను నెంబరు ఇచ్చిన వాడికి పదిరోజుల పని దొరుకుతుంది.

స్థానికుడు ఎందుకు కావాలి?

దయతో కాదు, లెక్కతో. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి మేము వేసిన అంకెలు మాత్రమే. ఒక సహాయకుడిని హైదరాబాదు నుంచి పదిరోజులకు తీసుకువస్తే రోజుకు 1,200 చొప్పున కూలి 12,000. గది రోజుకు 600 చొప్పున 6,000. భోజనం 300 చొప్పున 3,000. రానుపోను ఖర్చు 2,500. మొత్తం 23,500 రూపాయలు. అదే పనికి స్థానికుడిని పెట్టుకుంటే గది లేదు, ప్రయాణం లేదు. అదే 1,200 కూలి, అదే భోజనం కలిపి 15,000. అంటే అదే కూలి ఇచ్చినా యూనిట్‌కు 8,500 మిగులుతుంది.

ఈ లెక్క మన వాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. “మీరు ఇక్కడివాళ్ళే కదా, మీకు అంత ఎందుకు?” అని ఎవరైనా అంటే తల వంచనక్కరలేదు. సమాన కూలి అడిగినా మనం వాళ్ళకు చవకే. అయితే పని కూడా సమానంగా చేయాలి. ఉదయం 6 గంటలంటే 5:45కే అక్కడ ఉండాలి.

డబ్బు ఒక్కటే కారణం కాదు. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న అరకులో వెలుతురు తీరు మైదానంలో వలె ఉండదు. ఎదురుగా కొండ ఉంటే సాయంత్రం నాలుగున్నరకే నీడ పడిపోతుంది. చలికాలంలో పొగమంచు ఏ మలుపులో ఎంతసేపు నిలుస్తుందో, ఏ వాగు వానకు పొంగుతుందో, ఏ ఘాట్ మలుపులో జనరేటరు లారీ తిరగదో, ఏ గట్టు మీద ఫోను సిగ్నలు దొరుకుతుందో ఏ యంత్రమూ చెప్పదు. పుట్టి పెరిగిన వాడు చెబుతాడు. ఒక్కరోజు షూటింగు ఆగితే యూనిట్‌కు లక్షల్లో నష్టం. ఆ నష్టం తప్పించే తెలివి మన వాళ్ళ దగ్గర ఉంది. దానికి ధర కట్టడమే మనం నేర్చుకోవలసింది.

ఏయే పనులు దొరుకుతాయి?

మొదటిది దారి చూపడం, లొకేషన్లు వెతకడం. మీ చుట్టుపక్కల జలపాతాలు, పాత బంగళాలు, మట్టి ఇళ్ళు, కాఫీ తోటలు, సంత జరిగే చోట్లు ఫోటోలు తీసి ఒక పుస్తకంలా తయారు చేసుకోండి. ప్రతి ఫోటో కింద తారు రోడ్డు ఎంత దూరం, పెద్ద బండి వెళుతుందా, కరెంటు ఉందా, నీళ్ళు ఉన్నాయా, ఏ నెలలో బాగుంటుంది, భూమి ఎవరిది అనే ఆరు విషయాలు రాయండి. ఈ ఒక్క పుస్తకం ఉన్న కుర్రవాడు లొకేషన్ మేనేజరుకు కుడిభుజం అవుతాడు.

రెండవది వాహనాలు. జీపులు, బొలెరోలు, నీళ్ళ ట్యాంకర్లు, సామాను మోసే ట్రాక్టర్లు కావాలి. బండి వెళ్ళని చోటికి సామాను మోసే మనుషులు కావాలి. మూడవది భోజనం. ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, రాత్రి భోజనం వేళ తప్పకుండా అందించడం పెద్ద పని. ఊళ్ళోని మహిళా సంఘాలు కలిసి చేయగల పని ఇది. నాలుగవది వసతి. లాడ్జీలు నిండిపోతే ఇళ్ళలో గదులు అడుగుతారు. దోమతెర, వేడినీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు.

ఐదవది ఆర్ట్ విభాగంలో సాయం. వెదురు తడికెలు, గడ్డి కప్పు, మట్టి గోడ, అలుకు, రోలు, రోకలి, బుట్టలు... ఈ పనితనం మన ముసలివాళ్ళ చేతుల్లో ఉంది. పట్నం నుంచి వచ్చిన వడ్రంగి ఫైబరుతో చేసేది మన తాత వెదురుతో చేస్తాడు. దాన్ని కూలి కింద కాకుండా పనివాడి రేటు కింద అడగాలి. ఆరవది గుంపు దృశ్యాలు, థింసా బృందాలు. ఏడవది కాపలా, ట్రాఫిక్, మందుల పెట్టె, చెత్త ఎత్తివేత. ఎనిమిదవది దుబాసీ పని. ఆదివాసీ ఒరియా, కువి, కొండ భాషలు తెలిసి, తెలుగు, కొద్దిగా హిందీ మాట్లాడగల కుర్రవాడు ఒక్కడుంటే వందమంది గుంపును నడిపించవచ్చు.

కెమెరా, లైట్ల వంటి పనులు సంఘాల సభ్యులవి. వాటిలోకి నేరుగా వెళ్ళలేం. ముందు సహాయకులుగా చేరి నేర్చుకోవాలి. 2025 ఆగస్టులో హైదరాబాదులో సినీ కార్మికులు కూలి పెంపు కోసం రెండు వారాలకు పైగా సమ్మె చేసి కొంత సాధించుకున్నారు. అటువంటి సమయంలో చవక కూలికి వాళ్ళ స్థానంలో నిలబడడం మనకు తగదు. రేపు మన కూలి కోసం మాట్లాడవలసిందీ వాళ్ళే.

మాట కాదు, కాగితం

మన వాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. మూడు విషయాలు చెబుతాం.

ఒకటి, మధ్యవర్తి సంగతి. నలభై మంది గుంపు కావాలని యూనిట్ మనిషికి 700 ఇస్తుందనుకోండి. మధ్యలో ఉన్నవాడు మన వాళ్ళకు 400 ఇచ్చి పంపితే, ఒక్కరోజులో అతని జేబులోకి 12,000 వెళుతుంది. నలభై మందిని పోగుచేయడం కూడా పనే, దానికి ప్రతిఫలం ఉండాలి, కాదనం. కాని అది బహిరంగంగా ఉండాలి. నూటికి పది అని ముందే చెప్పుకుంటే మొత్తం 28,000లో అతనికి 2,800 వస్తుంది, మిగిలిన నలభై మందికి తలా 630 వస్తుంది. పేర్లు, సంతకాలు, రేటు ఉన్న జాబితా రెండు కాపీలు తయారుచేసి, ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి.

రెండు, బండి సంగతి. “రోజుకు 3,500” అని నోటిమాటగా ఒప్పుకున్న డ్రైవరుకు సినిమా రోజు ఎంత పొడవో తెలియదు. దానికి బదులు “12 గంటలు, 80 కిలోమీటర్లకు 3,500, ఆపైన గంటకు 200, కిలోమీటరుకు 18” అని రాసుకుంటే, 15 గంటలు, 120 కిలోమీటర్లు తిరిగిన రోజున 3,500కు తోడు 600, 720 కలిసి 4,820 రావాలి. రాసుకోని వాడికి ఆ 1,320 పోయినట్టే. తెల్ల నెంబరు ప్లేటు ఉన్న సొంత బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంటుంది. కిరాయికి తిప్పేవారు పసుపు ప్లేటు చేయించుకోవడమే క్షేమం.

మూడు, చెల్లింపు సంగతి. “సినిమా రిలీజు అయ్యాక ఇస్తాం” అనే మాటకు తల ఊపకండి. కూలి ఏ రోజుకారోజు, బండి డబ్బు వారం వారం, భోజనాల డబ్బులో కొంత బయానాగా ముందే తీసుకోవాలి. సరుకులు అప్పు తెచ్చి వండిపెట్టి, యూనిట్ ప్యాకప్ చెప్పి వెళ్ళిపోయాక ఫోన్లు చేసుకుంటూ కూర్చున్న సంఘాల సంగతి మనం వింటూనే ఉన్నాం. పెద్ద మొత్తం బ్యాంకు ఖాతాకు వేయించుకోండి. పాన్ కార్డు దగ్గర ఉంచుకోండి. పాన్ లేకపోతే పన్ను కోత 20 శాతానికి పోతుంది.

సినిమా కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే కేంద్రం ప్రత్యేక చట్టం చేసింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్లు అమలులోకి వచ్చాక ఆ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసింది. ఒప్పందం ఉండాలనే నియమం అందులోనూ ఉంది. అందుచేత కాగితం అడగడం పొగరు కాదు, హక్కు.

అనుమతులు ఎవరెవరివి?

“ఊరి పెద్ద ఒప్పుకున్నాడు, తీసేద్దాం” అంటే మన కొండల్లో కుదరదు. రిజర్వు అడవిలో తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. రైలు, సొరంగాలు, స్టేషను చూపించాలంటే రైల్వే వారికి వేరే దరఖాస్తు పెట్టి, రుసుము కట్టాలి. బొర్రా గుహలు పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్నాయి. డ్రోను ఎగరేయాలంటే 2021 డ్రోన్ నియమాలు ఉన్నాయి. ఎద్దు, గుర్రం, ఏనుగు తెర మీద కనబడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. పోలీసు స్టేషనులో సమాచారం సరేసరి. రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టుకోవడం యూనిట్ వారి బాధ్యత. ఏ కాగితం ఏ ఆఫీసులో, ఎవరి బల్ల మీద ఉందో కనుక్కుని వెంటబడి తేవడం స్థానికుడి పని. డిగ్రీ చదివి, దరఖాస్తు రాయగలిగిన మన హాస్టల్ కుర్రవాడికి ఇంతకు మించిన పని ఏముంటుంది?

భూమి విషయంలో మరింత జాగ్రత్త. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ చెబుతున్నాయి. మనం ‘1/70 చట్టం’ అనేది దీన్నే. ఇందులో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, కౌలు, తాకట్టు కూడా. అటవీహక్కుల పట్టా భూమి కూడా వారసులకు వెళ్ళేదే తప్ప బదలాయించేది కాదు. అందుచేత సెట్ వేయడానికి భూమి అడిగి, స్టాంపు కాగితాల మీద సంతకం పెట్టమంటే, ముందు తహశీల్దారును గాని ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారిని గాని అడగకుండా వేలిముద్ర వేయకండి. ఊరి ఉమ్మడి స్థలమైతే గ్రామసభలో మాట్లాడాలి. 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు పెద్దరికం ఇచ్చింది. ఆ పెద్దరికాన్ని మనమే వాడుకోకపోతే ఇంకెవరు వాడతారు?

చదువుకునే పిల్లలకు ప్రత్యేకంగా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ భాగం మీ కోసం. షూటింగు వచ్చిందంటే బడికి, కాలేజీకి ఎగనామం పెట్టి గుంపులో నిలబడాలని ఎవరికైనా ఉంటుంది. రోజుకు కొన్ని వందలు వస్తే ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఆశే. కాని నెలరోజుల హాజరు పోయి, పరీక్ష పోయి, మళ్ళీ హాస్టలు మెట్లు ఎక్కని వాడి నష్టాన్ని ఏ ప్రొడక్షన్ మేనేజరూ కట్టివ్వడు.

14 ఏళ్ళలోపు పిల్లలను సినిమాలో నటింపజేయడానికి చట్టం కొన్ని షరతుల మీదే ఒప్పుకుంటుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నియమాల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. రోజుకు 5 గంటలు మించకూడదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు మించి పనిచేయించకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. చదువు ఆగకుండా ఏర్పాటు చేయాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వారి పేరనే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. ఇది నటించే పిల్లల సంగతి. టీలు మోయించడం, సామాను ఎత్తించడం పిల్లల చేత అసలు చేయించకూడదు.

ఆడపిల్లలు, మహిళలు పనికి వెళ్ళేటప్పుడు ఒంటరిగా కాక జట్టుగా వెళ్ళాలి. దుస్తులు మార్చుకునే చోటు, మరుగుదొడ్డి, చీకటి పడితే ఇంటి దగ్గర దింపే బండి ఉన్నాయా అని ముందే అడగాలి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో చట్టం వచ్చింది. పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది లేకపోతే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. ఇవి తెలిసి అడిగిన వారితో ఎదుటివాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతాడు.

ఎప్పుడు వద్దనాలి?

షూటింగులకు ఇష్టమైన కాలం నవంబరు నుంచి జనవరి వరకు. వలిసె పూలు పసుపు పచ్చగా విరగబూసే రోజులు, పొగమంచు రోజులు. కాఫీ పండు కోతకు వచ్చేదీ అప్పుడే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండు చెట్టు మీద ముదిరి రాలిపోతే ఏడాది పంట పోతుంది. నాలుగు రోజుల షూటింగు కూలి కోసం ఏడాది పంట వదులుకోవడం తెలివైన పని కాదు. ఇంట్లో ఒకరు షూటింగుకు, మిగతావారు కోతకు అని పంచుకోవాలి.

వలిసె చేలో హీరో హీరోయిన్లు పరుగెత్తితే తెర మీద అందం, చేలో నష్టం. ఎంతమేర తొక్కుతారో ముందే తాడు కట్టి చూపించి, ఆ మేరకు రావలసిన గింజకు ధర కట్టి తీసుకోవాలి. సంత రోజు రోడ్డు ఆపవద్దని చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండుగ, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర వంటి రోజుల్లో ఊళ్ళో షూటింగు వద్దనాలి. దేవత ఉన్న చెట్టు, పూర్వీకుల రాళ్ళు ఉన్న చోటు కెమెరాకు ఎంత అందంగా కనబడినా, వద్దంటే వద్దే. రెక్కీ రోజునే ఈ మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు. లైట్లు పెట్టాక చెబితేనే గొడవ.

వేషం, మర్యాద

ఇంకొక మాట కూడా చెప్పాలి. పాత సినిమాల్లో కొండవాళ్ళంటే ఆకులు కట్టుకుని, ఈకలు పెట్టుకుని, బల్లెం పట్టుకుని కేకలు వేసేవాళ్ళు. మన అవ్వలు ఎవరూ అలా లేరు. అలాంటి వేషం వేయమన్నప్పుడు “మా ఊళ్ళో ఇలా కట్టుకోరండీ, ఇలా కట్టుకుంటారు” అని చీర కట్టు చూపించగల మనిషి కాస్ట్యూమర్ పక్కన ఉండాలి. థింసా ఆటలో అడుగులు, వరుస, మోరి, కిరిడి, తుడుము, డప్పు వాయింపు ఇవన్నీ నేర్చుకుంటేనే వచ్చే విద్య. ఆ బృందాన్ని గుంపు రేటుకు పిలిస్తే ఒప్పుకోకూడదు. కళాకారుల రేటు అడగాలి, పేర్లు తెర మీద వేయమని అడగాలి. ఇచ్చేది ఇస్తారు, ఇవ్వనిది పోతుంది. అడగనిది మాత్రం ఎప్పటికీ రాదు.

స్థానికులను నమ్ముకుంటే సినిమా ఎంత బాగుంటుందో మన విశాఖలోనే రుజువైంది. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వంలో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించిన ఎనభై మందికి పైగా మనుషులు చాలావరకు ఆ పేట వాళ్ళే. సినిమా అనుభవం లేనివాళ్ళే. ఆ సినిమాను తెలుగువాళ్ళంతా నెత్తిన పెట్టుకున్నారు. అరకులో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ తీసిందీ ఆయనే.

కొండను కొండలా వదలాలి

2025 మార్చిలో కోరాపుట్ షూటింగు సమయంలో రాజమౌళి గారు ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం ఎక్కారు. అక్కడ సందర్శకులు వదిలేసిన చెత్త చూసి బాధపడి, ఎవరి చెత్తను వారు వెనక్కు తీసుకుపోవాలని అందరినీ కోరారు. పెద్ద దర్శకుడు ఆ మాట అన్నందుకు సంతోషించాలి. మనం దాన్ని ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించుకోవాలి. రోజూ చెత్త ఎత్తి, బస్తాల్లో కట్టి, కొండ దింపడానికి నలుగురు మనుషులు, ఒక ఆటో, వారి కూలి అని లెక్కలో చేర్చాలి. సెట్ విప్పాక మేకులు, తీగలు, థర్మాకోల్ ముక్కలు పశువుల మేతలో కలవకుండా ఏరించాలి. ఎండాకాలం అడవిలో మంట దృశ్యాలు, బాణసంచా వద్దని గట్టిగా చెప్పాలి.

మనుషుల భద్రత కూడా అంతే. ఘాట్ రోడ్డు మీద రాత్రి రెండింటికి నిద్రమొహంతో బండి నడపవద్దు. వాగులో, బండల మీద షూటింగు ఉంటే ఈత తెలిసినవారు, తాళ్ళు ఉండాలి. 108కు సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో, పాముకాటుకు మందు ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి, రోజూ అందరికీ కనబడేలా అంటించాలి.

పూర్వ విద్యార్థులకు, చదువుతున్న వారికి

సినిమా, టీవీ రంగాల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ యూనిట్ కొండకు వస్తున్నప్పుడు ముందుగా ఊళ్ళో చదువుకున్న కుర్రవాడిని వెతకండి. నలుగురికి సహాయకులుగా అవకాశం ఇచ్చి, పని నేర్పి, పని అయ్యాక ఒక ధ్రువపత్రం రాసి ఇవ్వండి. కూలి ఆ రోజుతో ఖర్చయిపోతుంది. ఆ కాగితం మాత్రం ఇంకో యూనిట్ తలుపు తెరుస్తుంది.

చదువుతున్న వారికి. ఈ రంగం ఇష్టమైతే దొడ్డిదారి వెతకనక్కరలేదు. పూణేలో 1960లో స్థాపించిన ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఉంది. కలకత్తాలో 1995 నుంచి సత్యజిత్ రే పేరిట మరొకటి ఉంది. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ డిగ్రీగా నేర్పుతారు. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలే, పూణే, కలకత్తా సంస్థల ప్రవేశాల్లో మనకు రిజర్వేషన్లు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఐ.టి.ఐ. చేసిన వాడికి లైట్ల పని, కామర్స్ చదివిన వాడికి ప్రొడక్షన్ లెక్కల పని, హోటలు పని నేర్చిన వాడికి క్యాంటీను పని సులభంగా అబ్బుతాయి. సినిమాలోకి వెళ్ళే దారుల్లో తెర మీద నటించడం ఒక్కటే. మిగతా దారులన్నీ తెర వెనుకే ఉన్నాయి.

ఇప్పటికి చేయగల పని ఒకటుంది. మన హాస్టలు పూర్వ విద్యార్థుల్లో ఏ ఊరివారు ఎవరు, ఎవరికి బండి ఉంది, ఎవరికి వంట తెలుసు, ఎవరికి ఏ భాష వచ్చు, ఎవరికి వెదురు పని వచ్చు అని ఒక జాబితా తయారు చేద్దాం. పని, గంటలు, కూలి, భోజనం, చెల్లించే రోజు, ప్రమాదం జరిగితే బాధ్యత, చెత్త ఎత్తివేత అనే ఏడు వరుసలతో ఒకే పేజీ ఒప్పంద కాగితం తెలుగులో తయారుచేసి అందరి దగ్గరా ఉంచుదాం. మళ్ళీ ఒక యూనిట్ ఘాట్ ఎక్కి వచ్చి “ఇక్కడ మనుషులు దొరుకుతారా?” అని అడిగితే, “మనుషులు కాదు సార్, పనివాళ్ళు ఉన్నారు. ఇదిగో జాబితా, ఇదిగో కాగితం” అని చెప్పగలగాలి.